రెండుసార్లు నలభై ఆరు

పెట్టె తలుపు అంచున పేరుకున్న మంచుగడ్డను వెన్న రాసుకునే కత్తితో గీకుతున్నాను. చేతులకు రెండేసి తొడుగులున్నా వేళ్ళు తిమ్మిరెక్కాయి. టార్చిలైటు చంకలో ఇరికించుకున్నాను. ఏడు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. అత్తయ్య లెక్కలో ఏడంటే ఏడే. ఆరూ యాభై ఎనిమిది కాదు, ఏడూ రెండు కాదు.

మొన్నటి వాన పడ్డచోటే గడ్డకట్టింది. దాని మీద నిన్న పొద్దుటి సన్న వడగళ్ళు, ఆ పైన సాయంత్రం నుంచి కురిసిన పొడిమంచు. తలుపు సందులో మూడూ మూడు పొరలుగా కనిపిస్తున్నాయి. పైది ఊదితే ఎగిరిపోతుంది, మధ్యది ఉప్పుగల్లులా రాలుతుంది, అడుగుది మాత్రం కత్తికి కూడా లొంగదు. ఇలాంటి కలగాపులగపు చలికాలం నేను పుట్టాక చూడలేదు. నాకు ఇరవై ఒకటే అనుకోండి.

పెట్టె మా పెరట్లో నాలుగు కాళ్ళ మీద నా గుండెల ఎత్తున నిలబడి ఉంటుంది. తెల్లరంగు, గాలి ఆడడానికి చుట్టూ సందుల పలకలు. లోపల రెండు గాజుగొట్టాలు. నిన్న ఏడింటి నుంచి ఇవాళ ఏడింటి దాకా గాలి ఎంత వేడెక్కిందో ఒకటి చెబుతుంది, ఎంత చల్లబడిందో రెండోది చెబుతుంది. చదివి రాసుకున్నాక రెండింటినీ మర్నాటికి సిద్ధం చెయ్యాలి. చలి గొట్టాన్ని తలకిందులుగా వంచితే లోపలి చిన్న పుల్ల జారి దాని చోటికి చేరుతుంది. వేడి గొట్టం అలా కాదు. దాని మెడ ఇరుకు. పైకెక్కిన పాదరసం తనంతట దిగదు. చీల లాగి గొట్టాన్ని గిరగిరా తిప్పితేనే దిగుతుంది. తిప్పడం మరిచిపోతే నిన్నటి వేడే ఇవాళా చూపిస్తుంది.

ఈ పని ముప్పై ఒక్క ఏళ్ళుగా మా అత్తయ్యది. ఆవిడ పేరు బోర్గిల్డ్. నెలకొక కాగితం, రోజుకొక వరుస. నెల పూర్తవగానే దాన్ని నగరంలో వాతావరణ కార్యాలయానికి పంపుతుంది. జీతం లేదు. ఏ రోజైనా చదవలేకపోతే ఆ గడిలో ‘లేదు’ అన్నదానికి గుర్తుగా ఎమ్ అనే అక్షరం రాయాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో అత్తయ్య ఒక్క ఎమ్ కూడా రాయలేదు. క్రిస్మస్ వెళ్ళిన మూడో రోజు ఇలాంటి మంచుగాజు మీదే జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పడ్డ మనిషి లేచి, పెట్టె దాకా వెళ్ళి చదివి, లోపలికొచ్చి ఎడం చేత్తో రాసి, అప్పుడు మామయ్యతో, "ఇక పద, డాక్టరు దగ్గరికి" అంది. ఆ మర్నాటి నుంచి చదవడం, రాయడం రెండూ నాకు అప్పజెప్పింది. ఎడం చేతి రాత ఆఫీసువాళ్ళకు అర్థం కాదని ఆవిడ భయం.

తలుపు ఊడొచ్చింది. గొట్టాల మీద ఊపిరి పడకుండా మొహం పక్కకు తిప్పి చదివాను. తక్కువ, సున్నాకి కింద నాలుగు. ఇప్పుడు, సున్నాకి కింద రెండు. తరవాత వేడి గొట్టం మీదికి లైటు తిప్పాను.

నలభై ఆరు.

ఫారెన్‌హీటు లెక్కలో ముప్పై రెండు దగ్గర నీళ్ళు గడ్డకడతాయి. మా మిన్నెసోటాలో ఈ రోజుల్లో నలభై దాటిందంటే మగవాళ్ళు చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతారు. కానీ నన్ను కదలకుండా నిలబెట్టింది అది కాదు. నిన్న పొద్దున కూడా నేను చదివింది నలభై ఆరే. డిసెంబరు కాగితంలో ఆఖరి వరుసలో నా చేత్తోనే రాశాను. వాన పడ్డ రోజు వేడి అది. అది సరైనదే. మరి ఇవాళ్టిది? నిన్న పగలు కూడా సరిగ్గా అంతే వేడెక్కిందా? లేక నిన్న పొద్దున నేను గొట్టం తిప్పలేదా?

నిలబడి నిన్నటి పొద్దును మళ్ళీ మొదటినుంచి తలుచుకున్నాను. పెట్టె తెరిచాను. చదివాను. చీటీ మీద రాశాను. అంతలో పెద్ద చప్పుడు. మంచు బరువుకు మేపుల్ చెట్టు కొమ్మ విరిగి కరెంటు తీగ మీద పడింది. పశువుల కొట్టంలోంచి లైల్, అంటే మా ఆయన, అరిచాడు: "కరెంటు పోయింది! బకెట్లు పట్టుకుని రా, పద్దెనిమిది ఆవుల్నీ చేత్తో పితకాలి!" నేను పరిగెత్తాను. రాయడానికీ పరిగెత్తడానికీ మధ్య గొట్టం తిప్పానా?

తిప్పినట్టే ఉంది. గొట్టం గిర్రున తిరిగి వెండి చక్రంలా మెరవడం నా కళ్ళముందు ఉంది. అయితే అది మొన్నటిది కావచ్చు, అటుమొన్నటిదీ కావచ్చు. నా చేతికి తిప్పడం గుర్తుంది. తేదీ గుర్తులేదు.

ఇవాళ మాత్రం తిప్పాను. ఒకసారి కాదు, మూడుసార్లు తిప్పి, పాదరసం దిగిందని చూసుకుని, "తిప్పాను" అని పైకి అనుకున్నాను కూడా. దానివల్ల నిన్నటి సంగతి తేలదు.

ఇంటివైపు నడుస్తూ నిన్న మధ్యాహ్నం గురించి ఆలోచించాను. నిన్న వాతావరణానికి మతి లేదు. పొద్దున వడగళ్ళు. పన్నెండింటికి ఏమీ లేదు. రెండింటికి ఉన్నట్టుండి పొగమంచు కమ్మి, గాలి తడితడిగా, మెత్తగా మారింది. చూరు మంచుకత్తులన్నీ ఒకేసారి రాలాయి. కొట్టం కప్పు మీది మంచు ధబ్బున జారిపడింది. సరిగ్గా అప్పుడే వేషగాళ్ళు వచ్చారు.

క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య మా నార్వే వాళ్ళ ఇళ్ళకు ఇరుగుపొరుగు వాళ్ళు మొహాలు కప్పుకుని వస్తారు. గొంతు పట్టుబడకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు. ఎవరో కనిపెట్టాకే వాళ్ళకు తినడానికీ తాగడానికీ పెట్టాలి. నిన్న ముగ్గురొచ్చారు. గొర్రెతోలు కప్పుకున్నవాణ్ణి అత్తయ్య కాళ్ళు చూసే పట్టేసింది.

"హ్యాల్వర్! ఆ బూటుకి తీగతో కుట్లు వేసుకునేవాడు ఈ జిల్లాలో నువ్వొక్కడివే."

పొరుగు పొలం హ్యాల్వర్ తోలు విప్పి చెమట తుడుచుకున్నాడు. "ఉడికిపోయాను వదినా. ఇది డిసెంబరా, జూనా?" అని, అత్తయ్య కట్టు కట్టిన చెయ్యి చూసి, "అయితే మొత్తానికి ఈ ఏడు ఒక రోజు ఎగిరిపోయిందన్నమాట" అన్నాడు.

"ఎగరదు. నా కోడలు చదువుతోంది."

"ముప్పై ఏళ్ళలో ఒక్కనాడన్నా మానెయ్యలేదంటే ఎవడు నమ్ముతాడు?"

ఇంక అత్తయ్య మొదలుపెట్టింది. ఆ కథ మా ఊరంతటికీ తెలుసు. లైల్ పుట్టింది డిసెంబరు ఆఖరి రోజున. మర్నాడు కొత్త సంవత్సరం. ఒక్క రోజు బిడ్డను పక్కన పడుకోబెట్టి, మామయ్య రబ్బరు బూట్లు తొడుక్కుని, అత్తయ్య పెట్టె దగ్గరికి వెళ్ళి చదివింది. మైనస్ ముప్పై ఎనిమిది. ఇప్పటికీ మా ఊరి లెక్కల్లో జనవరి ఒకటికి అంతకన్నా చలి లేదు. ఊళ్ళో కాఫీ దుకాణంలో ఎవరైనా చలిగా ఉందంటే, "బోర్గిల్డ్ బూట్లు తొడుక్కున్నంత చలి ఉందా?" అంటారు.

నిన్న లైల్‌కి ఇరవై ఏడు నిండాయి. వేషగాళ్ళకు కేకు కోసి పెట్టాను. వాళ్ళు నవ్వుతూ తిని వెళ్ళేసరికి ఉత్తరపు గాలి తిరిగింది. పావుగంటలో కొట్టం కనబడకుండా మంచు. ఆ మెత్తటి గాలి ఉన్నది మహా అయితే గంట. ఆ గంటలో నేను ఇంట్లోనే ఉన్నాను. బయట ఎంత వేడెక్కిందో నాకేం తెలుసు?

*

వంటింట్లో కిరోసిన్ దీపం వెలుగుతోంది. కరెంటు ఇంకా రాలేదు. రేడియో కూడా లేదు. అత్తయ్య బల్ల దగ్గర కూర్చుని ఉంది. జనవరి కాగితం విప్పి, మూలల మీద కప్పులు పెట్టి, పెన్సిలు చెక్కి ఉంచింది. మామయ్య, ఆయన పేరు పేడర్, లెఫ్సె రొట్టె మీద వెన్నా పంచదారా వేసి చుడుతున్నాడు.

"ఎంతమ్మా?" అంది అత్తయ్య.

"తక్కువ, మైనస్ నాలుగు. ఇప్పుడు మైనస్ రెండు."

"ఊఁ. ఎక్కువ?"

నేను తొడుగులు విప్పి పొయ్యి మీది తీగకు ఒక్కొక్కటే వేలాడదీశాను.

"నలభై ఆరు."

మామయ్య చుట్టడం ఆపాడు. అత్తయ్య ఎడం చేత్తో తన నోటుపుస్తకం లాక్కుంది. ఏ తేదీకి ఏ ఏడు ఎంత వేడి, ఎంత చలి అన్నది అందులో రాసుకుంటుంది. పేజీ తిప్పి వేలు పెట్టింది.

"జనవరి ఒకటి. ఇప్పటిదాకా నలభై నాలుగు. నా పెళ్ళయిన రెండో ఏడాదిది. ఏమయ్యోయ్, విన్నావా! అమ్మాయి చదవడం మొదలెట్టిన నాలుగో రోజుకే రికార్డు కొట్టింది!"

"నాలుగు రోజుల్లోనే నిన్ను దాటేసింది చూడు" అన్నాడు మామయ్య. "ఇక నువ్వు ఊలు అల్లుకోవచ్చు."

"ఒంటి చేత్తో అల్లుతానా? రాయమ్మా, రాయి."

నేను పెన్సిలు తీసుకున్నాను. అది నా చేతిలోనే ఉంది. "అత్తయ్యా, నిన్న చదివాక గొట్టం తిప్పానో లేదో నాకు గుర్తులేదు."

అత్తయ్య నోటుపుస్తకం మూసింది.

"తిప్పే ఉంటావులే."

"ఏమో."

"ఏమో ఏమిటి పిల్లా? పొద్దున కాఫీ తాగావా అంటే ఏమో అంటావా? తిప్పావా, లేదా?"

"తిప్పినట్టు గుర్తుంది. కానీ అది ఏ రోజుదో తెలియడం లేదు. నిన్న కూడా నలభై ఆరే చదివాను."

అత్తయ్య మొహంలో సంతోషం ఒక్కసారిగా పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉండి, మెల్లగా తగ్గింది.

అంతలో లైల్ పాలబకెట్టుతో వచ్చాడు. బూట్ల మంచు దులుపుకుంటూనే సంగతంతా విన్నాడు.

"దీనికి ఇంత ఆలోచనెందుకు? నలభై ఆరు రాసెయ్. పేపర్లో కూడా పడుతుంది."

"నోర్ముయ్" అంది అత్తయ్య. "పేకాటలో పాయింట్లనుకున్నావా?"

"పోనీ ముప్పై ఎనిమిది రాయండి. నిన్న పాలగది గోడ మీది థర్మామీటర్లో నేను చూసింది అంతే."

"ఎప్పుడు చూశావు?" అన్నాను.

"దూడకి పాలు పట్టేటప్పుడు."

"అది పొద్దున కదా."

"నిన్న మధ్యాహ్నం కూడా పట్టాను." కొంచెం ఆలోచించాడు. "కాదు, మధ్యాహ్నం పట్టింది మొన్న. అప్పుడు కరెంటు ఉంది."

మామయ్య లేచి, "ఉండండి, హ్యాల్వర్‌ని అడుగుదాం" అని గోడ మీది ఫోను తిప్పాడు. మా దారిలో ఎనిమిది ఇళ్ళకీ ఒకే తీగ. ఒకరికి మోగితే అందరికీ మోగుతుంది. హ్యాల్వర్ గొంతు మాకందరికీ వినబడేంత పెద్దది.

"నిన్న రెండింటికా? యాభై రెండు!"

"నీ థర్మామీటరు పొగగొట్టం పక్కన కొట్టావు కదరా!"

"అయితే రెండు తీసెయ్. యాభై."

"మా దగ్గర ముప్పై ఆరే పేడర్ అన్నా." ఇది తీడా గొంతు. మా దారిలో కిందివైపు ఇంటావిడ. "నిన్న మధ్యాహ్నం బట్టలు తియ్యడానికి వెళ్తే కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. మా ఆయన లాగుని నిలబెడితే నిలబడింది."

"ఎవరది, మా మాటలు వింటున్నది?" అన్నాడు హ్యాల్వర్.

"నువ్వు అరుస్తుంటే వినకుండా ఎలా ఉంటాం? ఫోను తియ్యకపోయినా వినిపిస్తుంది."

"బట్టలు పొద్దున బిగుసుకుని ఉంటాయి. నువ్వు తీసింది రెండింటికా?"

"భోజనాలయ్యాక. మా భోజనం ఎప్పుడైతే నీకేం?"

"ఇది ఆ వానొచ్చిన కొత్త సంవత్సరం లాగానే ఉంది పేడర్. మనం చర్చి ముందు బురదలో దిగబడ్డ బండ్లు లాగాం చూడు."

"అది వాన కాదురా, మంచు కరిగిన నీళ్ళు. అది కొత్త సంవత్సరమూ కాదు, ఈస్టరు."

మామయ్య ఫోను పెట్టేసి మావైపు తిరిగాడు. "తేలింది. ముప్పై ఆరుకీ యాభై రెండుకీ మధ్య ఎక్కడో ఉంది."

లైల్ నవ్వాడు. నాకూ నవ్వు రాబోయింది కానీ అత్తయ్యను చూసి ఆగిపోయాను. ఆవిడ కాగితం మీద వేడి రాయాల్సిన మొదటి గడినే చూస్తోంది. కొత్త ఏడాది, కొత్త కాగితం, మొదటి వరుస, మొదటి గడి.

"మా నాన్న పోయిన రోజు చదివాను" అంది. ఎవరితోనో తెలియదు. "కొట్టం కాలిపోయిన రోజు చదివాను. చెయ్యి విరిగిన రోజు చదివాను. ఇవాళ నా వల్ల కాకుండా పోవడం ఎలా ఉందంటే..." నావైపు వంగింది. "ఆర్డిస్, నా తల్లివి కదూ. తిప్పానని ఒక్కసారి చెప్పు. నేను నమ్ముతాను. ఇంకేం అడగను."

అత్తయ్య నన్ను తల్లీ అనడం అదే మొదటిసారి. నాకు అబద్ధమంటే భయం కాదు. తిప్పానంటే అది అబద్ధమో నిజమో కూడా నాకు తెలియదు. తిప్పలేదన్నా అంతే. ఏ మాటన్నా నాకు తెలిసిన దానికంటే ఎక్కువ చెప్పినట్టవుతుంది.

"చెప్పవే!"

"ఆ పిల్లనెందుకు అలా నలిపేస్తావు?" అన్నాడు మామయ్య. రొట్టె చుట్ట నా పళ్ళెంలో పెట్టాడు. "తిను తల్లీ. ఏదో ఒకటి రాసి పడెయ్. ఆకాశం దిగొచ్చి సరిచూసుకుంటుందా? లైల్‌గాడు పుట్టిన మర్నాడు నేను చేసిందీ అదేగా."

అత్తయ్య తల తిప్పింది. "ఏం చేశావు?"

మామయ్య అప్పుడు ఆగి ఉండాల్సింది. ఆయన మంచి మనిషి. మంచి మనుషులు మాట మధ్యలో ఆగలేరు.

"అదే, ఆ రోజు పెట్టె తలుపు రాలేదు. బిగుసుకుపోయింది. కత్తి కోసం ఇంట్లోకి వచ్చాను. నువ్వు లోపల మంచం మీంచి ‘ఎంత, ఎంత’ అని ఒకటే అరుపు. దారిలో పాలబండివాడు మైనస్ ముప్పై ఎనిమిది అన్నాడు. అదే చెప్పాను. ఏదైనా చలి చలే కదా."

"నువ్వు వెళ్ళలేదు" అంది అత్తయ్య. నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "నేను వెళ్ళాను. నీ రబ్బరు బూట్లు తొడుక్కుని."

"నువ్వు మంచం దిగలేదే. మంత్రసాని దిగనిస్తేనా?"

"ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. నేను వెనక తలుపు తీసుకుని వెళ్ళాను."

"బోర్గిల్డ్, అప్పుడు ఈ ఇంటికి వెనక తలుపు లేదు. లైల్ నడక నేర్చాక పెట్టించాం."

"ముందే పెట్టించాం."

"మా అన్న వచ్చి పెట్టాడు. ఆయన వచ్చింది ఎప్పుడు? ఆ తరవాతి ఎండాకాలం."

అత్తయ్య లైల్‌ని చూసింది, అతనేదో సాక్ష్యం చెబుతాడన్నట్టు. లైల్ భుజాలెగరేశాడు. "నాకేం తెలుసమ్మా? నాకప్పుడు ఒక్క రోజు."

"బూట్లు నాకు వదులు" అంది అత్తయ్య. "ఎడంకాలి బూటులోకి మంచు పోయింది. మేజోడు తడిసింది. నాకు ఇప్పుడు కూడా ఆ తడి తెలుస్తోంది. ఆ తలుపు ఊడి వచ్చిన చప్పుడు తెలుస్తోంది."

ఆ గొంతు నాకు తెలుసు. అరగంట కిందట పెట్టె ముందు నిలబడి నాలో నేను మాట్లాడుకున్న గొంతు అదే.

"ఆర్డిస్, బీరువా మీద రేకుపెట్టె ఉంది. వీడు పుట్టిన మరుసటి ఏడాది కాగితాలు తీసుకురా."

తెచ్చాను. ఆఫీసుకు పంపే ప్రతి కాగితానికీ కార్బను పెట్టి ఒక నకలు ఉంచుకుంటుంది అత్తయ్య. నీలం గీతలు వెలిసిపోయాయి. జనవరి ఒకటి. తక్కువ, మైనస్ ముప్పై ఎనిమిది. ఎక్కువ, మైనస్ పదకొండు. అత్తయ్య దీపం దగ్గరికి జరుపుకుంది.

"నా రాతే." ఊపిరి వదిలింది. "చూడు. ఎనిమిదికి రెండు సున్నాలు చుట్టేది నేనే. నువ్వు ఒక్క గీతతో రాస్తావు. నా రాతే ఇది."

"నీ రాతే మరి" అన్నాడు మామయ్య. "నేను చెప్పాను, నువ్వు మంచం మీద రాశావు."

అత్తయ్య మళ్ళీ వంగి చూసింది. నేనూ ఆవిడ భుజం మీంచి చూశాను. ఆ వరుసలోని అంకెలు మిగతావాటికంటే కొంచెం వాలి ఉన్నాయి. మంచం మీద రాస్తే అంకెలు వాలతాయి. చలికి వేళ్ళు బిగుసుకుపోయినా వాలతాయి.

"పదకొండు?" అంది అత్తయ్య. "ఆ పదకొండు ఎవరు చెప్పారు? పాలబండివాడు నిన్నటి వేడి కూడా చెప్పాడా?"

మామయ్య మెడ గోక్కున్నాడు. చేసిన పని ఆయనకు అప్పుడే అర్థమైనట్టుంది. "అది... ఏదో చెప్పి ఉంటాను. నాకూ సరిగ్గా గుర్తులేదు బోర్గిల్డ్. ఏమో, నువ్వే వెళ్ళావేమో. తలుపు రాకపోవడం ఆ తరవాతి చలికాలంలో అయి ఉండొచ్చు."

"తరవాతి చలికాలం" అంది అత్తయ్య. "అయితే అది ఇంకో రోజన్నమాట. ఎన్ని రోజులు పేడర్?"

"అబ్బే, ఒక్కటే. రెండుంటాయేమో. పాలు పితికే వేళకి నువ్వు ‘కాస్త చదివి రావయ్యా’ అనేదానివి చూడు, జ్వరం వచ్చినప్పుడు..." ఇక ఆయన కూడా ఆగిపోయాడు.

లైల్ బకెట్టు కింద పెట్టబోయి, చప్పుడవుతుందని పట్టుకునే నిలబడ్డాడు. కిటికీ బయట తెల్లవారుతోంది. మంచు మళ్ళీ మొదలైంది. పొడిమంచో, సన్న వడగళ్ళో అద్దం మీద పడ్డాక కూడా తెలియలేదు.

అత్తయ్య కార్బను నకలు పక్కన పెట్టి, కొత్త కాగితాన్ని ఎడం చేత్తో నావైపు తోసింది.

"నీకు తెలిసింది రాయి."

"నాకు తెలియదు కదా అత్తయ్యా."

"అదే రాయి."

తక్కువ గడిలో మైనస్ నాలుగు రాశాను. ఇప్పటి గడిలో మైనస్ రెండు. మొదటి గడి దగ్గరికి వచ్చాక ఒకసారి ఆవిడ మొహం చూశాను. ఆవిడ కాగితాన్నే చూస్తోంది. ఎమ్ రాశాను. నాలుగు గీతలు. బడిలో మొదటి తరగతిలో నేర్చుకున్న అక్షరం, రాయడానికి ఎంతసేపు పడుతుంది? నాకు మాత్రం ఆ చివరి గీత కిందికి దిగడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది.

ఆవిడ దాన్ని చదివింది. తరవాత పాత నకలు మళ్ళీ దగ్గరికి లాక్కుంది. నా చేతిలోంచి పెన్సిలు తీసుకుంది. ముప్పై ఎనిమిది పక్కన మొన ఆనించింది. రాస్తుందనుకున్నాను. కొట్టేస్తుందని కూడా అనుకున్నాను. మొన అక్కడే ఉంది, కదల్లేదు. కొంతసేపటికి పెన్సిలును కాగితం మీదే అడ్డంగా పడుకోబెట్టి లేచింది.

"కాఫీ పొయ్యనా?" అన్నాడు మామయ్య.

అత్తయ్య కొక్కెం మీది కోటు తీసుకుంది. ఎడం చెయ్యి దూర్చింది. కట్టు కట్టిన చేతికి కోటు రెండో చెయ్యి పట్టలేదు. నేను లేచి వెళ్ళాను, సర్దుదామని. తల అడ్డంగా ఊపింది. కోటు ఖాళీ చెయ్యి పక్కన వేలాడుతుండగానే మెడకు మఫ్లరు చుట్టుకుంది.

"ఎక్కడికే ఇప్పుడు? బయటంతా గాజులా ఉంది, పడతావు!" మామయ్య లేచి నిలబడ్డాడు. "బోర్గిల్డ్, నేనేదో నోటికొచ్చింది వాగాను. నువ్వే వెళ్ళావు. వింటున్నావా? నువ్వే వెళ్ళావు!"

ఆవిడ ఆయన్ని కాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉందేమోనని వెతికాను. లెక్క తప్పిన వరుసను పైనుంచి కిందికి మళ్ళీ కూడుకుంటున్న మనిషి చూపులా ఉంది తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు. తలుపు తీసింది. చలిగాలికి దీపం ఒక్కసారి కుంగి లేచింది. గడప దాటి పెట్టె వైపు వెళ్ళిపోయింది.